ఖాజాగూడలో రెండంగుళాల రంధ్రం

బండను చీల్చి దప్పికగొన్నవారికి నీళ్లిచ్చిన దేవునికి స్తోత్రం. ఈ రెండు చేతులకు ప్లంబింగ్ పని నేర్పి, ఇరవై ఆరేళ్లుగా వాటిని కాపాడుతున్న ఆయనకే మహిమ.

అది 2023. ఖాజాగూడలో మూడో అంతస్తు ఫ్లాట్. అందులో కిరాయికుండే శ్రావణి ఒక ఐటీ ఆఫీసులో టెస్టర్. యాక్సిడెంట్ తర్వాత ఆమె వీల్‌చెయిర్‌లోనే తిరుగుతోంది. వాష్‌బేసిన్ అందదు కాబట్టి ముఖం కడుక్కోవాలన్నా అత్తగారు నీళ్లు పట్టుకుని రావాల్సిందే. బేసిన్‌ను కిందికి దించి, గోడ టైల్‌కు రెండంగుళాల రంధ్రం చేసి వేస్ట్ పైపును బయటికి తీయడం నా పని.

ఓనర్ యాదగిరన్న కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. “ఒక్క టైల్ పలిగినా ఇల్లు ఖాళీ చెయ్యాలె. మా నాయిన ఉన్నప్పుడు ఏపిచ్చిన టైల్స్. గిసొంటివి ఇప్పుడు యాడ దొర్కయ్.”

చెయిర్ పట్టే బాత్రూం ఉన్న ఇంటి కోసం శ్రావణి వాళ్లు ఏడు నెలలు తిరిగారట. దొరికింది ఇదొక్కటే.

డ్రిల్ మిషన్‌కు బిగించి గుండ్రంగా రంధ్రం కోసే రంపాన్ని హోల్ సా అంటాం. చెక్కకు, ఇనుప రేకుకు బై-మెటల్ హోల్ సా వాడతాం. దాని అంచున పళ్లుంటాయి. టైల్ మీద పెడితే ఆ పళ్లు అరిగిపోతాయి, టైల్ పెచ్చులూడుతుంది. టైల్‌కు, గ్రానైట్‌కు డైమండ్ హోల్ సా కావాలి. వజ్రపు రవ్వ అంటించిన దాని అంచు మెల్లగా అరగదీస్తుంది. జారకుండా ముందుగా రంధ్రం చేసిన ప్లైవుడ్ ముక్కను గోడకు అదిమి, నీళ్లు చల్లుతూ, తక్కువ స్పీడులో తిప్పాలి. టైల్ దాటి ఇటుక తగిలాకే బిట్ మార్చి, డ్రిల్‌ను హామర్‌లో పెట్టాలి. హామర్ అంటే తిరుగుతూనే కొట్టడం.

వేలితో తట్టి చూశాను, టైల్ వెనక డొల్ల లేదు. డైమండ్ హోల్ సా బిగించాను. కళ్లు మూసుకుని, “ప్రభువా, నా చెయ్యి పట్టుకో” అని ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను.

“ఆగండాగండి బాబాయ్ గారూ! ఆ బటన్ సుత్తి బొమ్మ మీద ఉంది. అలాగే ఉండాలా అండి?” అంది తలుపు దగ్గర నుంచి చూస్తున్న శ్రావణి.

పొద్దున కూకట్‌పల్లిలో ఇటుక గోడకు వాడి, హామర్ తీయకుండానే తెచ్చాను. నొక్కి ఉంటే టైల్ నిలువునా చీలేది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

“ఏంది మేస్త్రీ, దేవునికి మొక్కినవ్ గానీ మిషన్ దిక్కు చూడలే?” అన్నాడు యాదగిరన్న.

“మొక్కినందుకే ఈ బిడ్డ చూసిందన్నా.”

“తప్పులు పట్టడమే కదండీ నా ఉద్యోగం,” శ్రావణి నవ్వింది. “ఆఫీసులో పడితే జీతమిస్తారు. ఇంట్లో పడితే నోరెక్కువంటారు.”

“నేనెప్పుడన్నానే!” అన్నారు లోపలినుంచి అత్తగారు.

హామర్ తీసేసి మొదలుపెట్టాను. తెల్లటి బురద కారింది. పావుగంటకు బిళ్లలాంటి ముక్క ఊడి నా చేతిలో పడింది. యాదగిరన్న లేచొచ్చి అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. “పల్గలే,” అన్నాడు మెల్లగా. తర్వాత నేను బేసిన్ బిగిస్తుంటే, అడగకుండానే వచ్చి కింద చెయ్యి పట్టాడు.

అంతా అయ్యాక శ్రావణి మమ్మల్ని బయటికి పంపి తలుపేసుకుంది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. అత్తగారు అలవాటు కొద్దీ తలుపు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయారు.

ప్రార్థనలో కళ్లు మూయడం సంఘంలో చిన్నప్పుడే నేర్చుకున్నాను. కళ్లు తెరిచి పని చూసుకోవడమూ ప్రార్థనలో భాగమేనని ఆ రోజు తెలిసింది. ఆయన జవాబు ఒక్కోసారి పక్కనున్న మనిషి నోటితోనే వస్తుంది.

చదువుతున్న మీరూ నాతో తల వంచండి: ప్రభువా, తన చిన్న పని తాను చేసుకోవాలని ఆశపడే ప్రతి ఒక్కరికీ ఆ రోజు రానివ్వు. మా తప్పు చెప్పేవాళ్లను మా దగ్గరికి పంపు, వినే మనసు మాకివ్వు. ఆమేన్.