కొల్లేటి గట్టు మీద కాశిం తీసిన సినిమా

కాశిం విజయవాడలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. బెంజ్ సర్కిల్ పక్క సందులో చిన్న స్టూడియో. 1999 వేసవిలో, ఫార్మసీ చదువుకోవడానికి వచ్చిన ఇఫెయాని అనే నైజీరియా విద్యార్థి ఒక వీడియో క్యాసెట్ తెచ్చి కాపీ తియ్యమన్నాడు. అతని అన్న లాగోస్‌లో డైరెక్టరట. కాపీ ఎక్కుతుండగా కాశిం బొమ్మ చూశాడు. పొలం తగువులో ఒకడు సొంత తమ్ముణ్ణి నరికేస్తాడు. భాష ఒక్క ముక్క తెలియలేదు. నెత్తురు రంగునీళ్ళేనని తెలుస్తూనే ఉంది. అయినా కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

“ఏ స్టూడియోలో తీశారు?”

“మా పెదనాన్న ఇంట్లో,” అని నవ్వాడు ఇఫెయాని. “కెమెరా నీ దగ్గరున్నదానిలాంటిదే. మా డైరెక్టర్లు సినిమా హాళ్ళ కోసం చూడరు. పది రోజుల్లో తీసి క్యాసెట్లు బజార్లో పెట్టేస్తారు. పక్కింట్లో జరిగిందే వాళ్ళకి కథ.”

ఆ మాట కాశింని వదల్లేదు. కైకలూరు అవతల ఓ పెళ్ళి తియ్యడానికి వెళ్ళినప్పుడు విన్న సంగతి గుర్తుకొచ్చింది. కొల్లేట్లో వలలు వేసుకునే పెద్దబ్బాయిని, చేపల చెరువు తవ్వకానికి అడ్డొచ్చాడని, ఆసామి గంగాధర్ మనుషులు పట్టపగలు పొడిచి చంపారు. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేక కేసు కొట్టేశారు. ఆ కథ సినిమాగా తియ్యనిస్తావా అని కాశిం వెళ్ళి పెద్దబ్బాయి భార్య నాంచారమ్మని అడిగాడు.

“నా వేషం నేనే వేస్తా,” అందామె. “ఎలా పొడిచారో అలాగే తియ్యండి. అందంగా తియ్యమాకండి.”

షూటింగ్ మూడో రోజు గట్టు మీద హత్య సీను. స్టాండు మీద కెమెరా తిరుగుతోంది. గంగాధర్ నలుగురితో జీపు దిగాడు.

“ఏరా, నా మీదే సినిమా తీస్తన్నావా?”

“కథండీ ఇది...”

మాట పూర్తి కాకుండానే గడ్డపలుగు కాశిం కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. బోర్లా పడ్డవాణ్ణి డొక్కల్లో తన్నారు. ఒకడు వీపు మీద కూర్చుని, జుట్టు పట్టి మొహాన్ని బురదనీళ్ళలో అదిమాడు. ఊపిరందక కాశిం గిలగిలా కొట్టుకున్నాడు. చచ్చిపోతున్నానని తెలిసింది.

ఒక్కసారిగా వీపు మీది బరువు జారిపోయింది. నాంచారమ్మ పడవ గెడతో ఆ మనిషి తల పగలగొట్టింది. రెండో దెబ్బ గంగాధర్ దవడకి తగిలింది. పళ్ళు రాలి, నోరు పట్టుకుని కూలబడ్డాడు.

“ఆ రోజు నా మొగుడి చేతిలో కర్ర లేదురా!” అని అరుస్తూ ఆమె మళ్ళీ గెడ ఎత్తింది. మిగతావాళ్ళు గంగాధర్‌ని జీపులోకి ఈడ్చి, పోతూపోతూ కెమెరాని చితకబాదారు.

క్యాసెట్ పగిలింది గానీ టేపు తెగలేదు. కాశిం ఎడమచేత్తో దాన్ని కొత్త డబ్బాలోకి చుట్టాడు. దెబ్బలన్నీ అందులో ఉన్నాయి. హత్య సీను బదులు అవే పెట్టాడు. ఆ టేపు వల్లే ఈసారి కాశిం మీద దాడి కేసు నిలబడి గంగాధర్‌కి శిక్ష పడింది. నాంచారమ్మ మీద పెట్టిన ఎదురు కేసు కూడా దానివల్లే పోయింది.

సినిమా లాగోస్ చేరాక ఇఫెయాని అన్న ఉత్తరం రాశాడు: “మీ నటులు ఇంత బాగా దెబ్బలు ఎలా తిన్నారు? మావాళ్ళకీ నేర్పండి.” కాశిం ఆ ఉత్తరం నాంచారమ్మకి చదివి వినిపించి, ఆమె ఇంటి అరుగు మీద టీవీ పెట్టి బొమ్మ వేశాడు. ఊరంతా గుమిగూడింది. భర్త కథ నడుస్తున్నంతసేపూ ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. గెడ గంగాధర్ దవడకి తగలగానే కొంగు తీసింది.

“వెనక్కి తిప్పండి కాశింగారూ. అది ఇంకోసారి వెయ్యండి.”