ఉప్పు తియ్యగా ఉన్న రోజు

సంఘ పెద్దలకీ, ఎండలో ఇంత దూరం నడిచొచ్చిన అమ్మలకీ అయ్యలకీ యేసయ్య పేరిట నా వందనాలు. సాక్ష్యం చెప్పడం నాకిదే మొదటిసారి. సహోదరులారా, నేను చెప్పబోయేది నా రోగం బాగైన సంగతి కాదు, నా నోరు చేసిన పాపం సంగతి.

మాది కళింగపట్నం. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్తాడు, అమ్మా మామ్మా చేపలు ఎండబెట్టి అమ్ముతారు. చేపలు నానేసే నీళ్ళలో ఉప్పు సరిపోయిందో లేదో మా ఇంట్లో కొలిచి చూసేవాళ్ళు లేరు, మామ్మ చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని "సాల్దు, ఇంకో దోసెడెయ్యండి" అంటే అంతే, ఇంక తిరుగులేదు. ఆ వేలి అలవాటు నాకూ పుట్టుకతోనే వచ్చింది.

విజయనగరంలో కెమికల్ టెక్నాలజీ రెండేళ్ల డిప్లొమాలో సీటొచ్చింది. హాస్టల్లో నా పెట్టె తెరిస్తే ఎండుచేపల వాసనని ముక్కులు మూసుకునేవారు, నాకు "సేపల గుంట" అని, అంటే చేపల పిల్లనని, పేరు పెట్టారు, ఒళ్ళు మండిపోయేది. ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ అని ఒకటుంటుంది. గొట్టంలో తెల్లపొడి ఇచ్చి, మంట మీద చూసి, ఆసిడ్లు కలిపి, అదేం లవణమో కనిపెట్టమంటారు. సాల్ట్ అనగానే నాకు నవ్వొచ్చింది! ఉప్పుని గుర్తుపట్టడానికి రెండు గంటలెందుకు? సారు మొదటిరోజే చెప్పారు, ఇక్కడ ఏదీ నోటి దగ్గరకి తేవద్దు, ఇవి కూరలో వేసుకునే ఉప్పులు కావు అని. విన్నానా? సారు అటు తిరగ్గానే నా వేలు నాలిక మీదకి పోయింది. గుడ్డివాడు విసిరిన రాయిలా రెండు మూడు సార్లు సరిగ్గా తగిలింది కూడా, ఇంక చూసుకోండి నా గర్వం! సేపల గుంట కాస్తా ల్యాబుకి రాణి అయిపోయింది. ఆ రోజుల్లో నా ప్రాణం కాపాడుతున్నది ఎవరో నాకప్పుడు తెలీదు.

ఆ గుట్టు ఒక్క లావణ్యకే చెప్పాను. గరివిడి దగ్గర రైతుల పిల్ల, నా పెట్టె తెరిచినా ముక్కు మూసుకోని ఒకే ఒక్క స్నేహితురాలు. పరీక్ష అంటే దానికి దడ. భయపడకే, మా మామ్మకున్న ల్యాబు నాలికే అని నేనే నేర్పాను. నేనే!

ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష. లావణ్య నా ఎదుటి బల్ల దగ్గరుంది. వేలు నోట్లో పెట్టుకుంది, కళ్ళు పెద్దవి చేసి నావైపు చూసింది, "తియ్యగా ఉన్నాదే!" అంది గొంతు రానీకుండా. తియ్యటి ఉప్పా? నమ్మలేక అది మళ్ళీ పెట్టుకుంది, ఈసారి చిటికెడు. నేను నవ్వాను సహోదరులారా, నవ్వాను!

మధ్యాహ్నం ఇద్దరం అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ వేపుడు వేసుకుని అన్నం తిన్నాం, నాకంటే లావణ్యే ఎక్కువ తింది. సాయంత్రానికల్లా లావణ్య కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది, వాంతులు ఆగలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగితే పక్కనున్న పిల్లలు "ఎండుచేపలండి, ఈ అమ్మాయి వాళ్ళమ్మ పంపింది" అన్నారు. డాక్టరమ్మ నావైపు చూసింది. నిజం చెప్తే పరీక్ష పోతుంది, కాలేజీ నుంచి పంపేస్తారు అనుకున్నాను. "అవునండి" అన్నాను. ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు దిగ్భ్రాంతి! కన్నతల్లి చేతి వంట మీద విషం మోపేశాను!

హాస్టల్ వాళ్ళు మా ఇద్దరి ఇళ్ళకీ ఫోన్ చేశారు. పొద్దున్నే అమ్మ బస్సెక్కి వచ్చేసింది. లావణ్య నీరసంగా పడుంది, కళ్ళు తెరవడం లేదు. అప్పటికే వచ్చిన వాళ్ళ నాన్నకి అమ్మ చేతులు జోడిస్తే ఆయన మొహం తిప్పుకున్నాడు. అప్పుడు అమ్మ వరండాలో నేల మీద మోకాళ్ళూని, అందరూ చూస్తుండగా గట్టిగా ప్రార్థన చేసింది. "ప్రబువా, నేను పది నీళ్ళు కడిగినాను, ఇసక నేకుండా ఏరినాను, ఎక్కడ తప్పు సేసినానో నాకు తెల్దు. నా సేతి తప్పైతే ఆ సిచ్చ నాకియ్యి, నా సేతులు తీసేయి, ఆ బిడ్డని బతికించు తండ్రీ!"

మా అమ్మ ప్రార్థన కూడికలకి రమ్మంటే తప్పించుకు తిరిగినదాన్ని నేను. ఆ క్షణంలో నా గుండెలో ఎవరో నిలదీసినట్టయింది. ప్రభువా, నా నోరు తెరువు అన్నాను, అంతే, నాకొచ్చిన మొదటి ప్రార్థన అదే. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి, చేపలు కాదండి, ల్యాబులో పొడి నాకింది, నేనే నేర్పాను అని ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆవిడ సారుకి ఫోన్ చేస్తే లావణ్య గొట్టం నంబరు చూసి చెప్పారు, అది సీసం లవణం, తియ్యగా ఉండే విషం! దానికి మందు వేరేనట, వెంటనే మార్చారు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆవిడ నా మొహం మీదే అంది. మూడో రోజుకి లావణ్య లేచి కూర్చుంది. దేవునికే మహిమ!

బయటికొచ్చి అమ్మకి చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. "అయితే నా సేపల్లో తప్పు నేదేటే?" అంది. ఆ మాటకి నేను చచ్చి మళ్ళీ పుట్టాను సహోదరులారా!

ఆ పరీక్ష పోయింది, మళ్ళీ రాశాను, ఈసారి మంటలూ ఆసిడ్లూ పెట్టుకుని రెండు గంటలూ కష్టపడి రాశాను. కోర్సు పూర్తయింది. నన్ను క్షమించిన లావణ్య ఇంటికి వెళ్ళేముందు అడిగింది ఏంటో తెలుసా? మా అమ్మ నెత్తళ్ళు!

అబద్ధం కూడా ఆ ఉప్పులాంటిదే, నాలిక మీద తియ్యగానే ఉంటుంది. మీ నోట్లో అలాంటిదేదైనా దాచుకుని ఉంటే, ఇవాళే యేసయ్య ముందు ఉమ్మేయండి, ఆయన వాంతి చేసుకునే బిడ్డకి గిన్నె పట్టుకుని నిలబడే తండ్రి. మా అమ్మ వెనక ఆడవాళ్ళ వరసలో కూర్చుంది, ప్రేమవిందుకి నెత్తళ్ళ కూర తెచ్చింది. అందరూ తిని వెళ్ళండి. తప్పు చేపల్లో లేదు.