హత్సుకో గారింట్లో మా అమ్మ గిన్నె

లాండ్రీ కొట్టులో కౌంటరు వెనక నిలబడి నేను రోజూ చెప్పే జవాబులు మూడే. ఇటలీ నుంచి. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ, పుల్లలతో తినడం వచ్చు. జపానులోని ఈ ఒనోమిచిలో చొక్కాలు తెచ్చే మనుషులు మారతారు గాని ప్రశ్నలు మారవు. "సాయంత్రం రండి, ఇస్త్రీ అయిపోతుంది" అంటే చాలు, "అబ్బో, మా భాష భలే మాట్లాడుతున్నారే" అంటారు. మొదట్లో పొంగిపోయేదాన్ని. తర్వాత కొన్నేళ్ళు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

ఊరికి పోతే అక్కడ ఇంకో రకం. పూలియాలో మా చెల్లెలు నున్జియా, నేను ఫోను చెవిన పెట్టుకుని వంగి వంగి మాట్లాడుతుంటే పడీ పడీ నవ్వుతుంది. "ఎదురుగా ఎవరున్నారని అక్కా ఆ దణ్ణాలు?" అంటుంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని నాకు తెలుసు. మా ఆయన తెరుహికో మంచివాడు, మెట్ల వీధిలో చిన్న ఇల్లుంది, గడిచిపోతోంది. ఒక్క దిగులు మాత్రం వదలదు. మా ఊళ్ళో చావింట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే వండి గిన్నెలు మోసుకొస్తారు. నా ఇంటికి ఆ రోజు వస్తే ఈ వీధిలో నాకు గిన్నె తెచ్చేవాళ్ళున్నారా? ఇక్కడ కవరులో డబ్బు ఇస్తారు, దాంట్లో సగం విలువ చేసే వస్తువు తిరిగి పుచ్చుకుంటారు. లెక్క సరిపోతుంది. మనసుకే సరిపోదు.

ఎదురింటి హత్సుకో గారు మా వీధి చెత్తకు కాపలా. అలాగని ఎవరూ పెట్టలేదు, ఆవిడే పెట్టుకుంది. సీసాకు మూత ఉందని, కాగితంలో ప్లాస్టిక్ కలిసిందని నా సంచి ఎన్నిసార్లు వెనక్కి తెచ్చిందో. ఆవిడ పోరు పడలేకే నేను చెత్త వేరు చెయ్యడం నేర్చుకున్నాను.

నిరుడు ఆవిడ భర్త పోయాడు. నేను కోడి సూపు కాచి, చిన్న చిన్న మాంసం ఉండలు వేసి, మా అమ్మ గిన్నెలో పట్టుకెళ్ళాను. పెళ్ళయి వస్తున్నప్పుడు అమ్మ ఇచ్చిన గిన్నె అది. నీలం పూత, ఒక చెవి దగ్గర పెచ్చు ఊడింది. నల్ల బట్టల్లో ఉన్న హత్సుకో గారు రెండు చేతులతో అందుకుని తల వంచింది.

"చాలా శ్రమ పడ్డావు. గిన్నె రేపే కడిగి పంపిస్తాను."

"తొందరేం లేదండీ. చావింటికెళ్ళిన గిన్నెను వెంటనే తిప్పి పంపితే, దాని వెంట చావునూ పంపినట్టేనంటుంది మా అమ్మ" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నోటికొచ్చింది అనేశాను.

ఇంటికొచ్చి చెబితే తెరుహికో తల పట్టుకున్నాడు. "కోడి వేశావా? నలభై తొమ్మిదో రోజు దాకా ఆవిడ మాంసం ముట్టదు. పాత కాలం మనిషి."

"ముందే ఏడవచ్చుగా."

"నువ్వడిగితేగా."

"పొద్దుట్నించి ఇంట్లో కోడి ఉడుకుతోంది. వాసన రాలేదా?"

"మనకోసం అనుకున్నాను" అన్నాడు పాపం.

సూపు ఆ రోజే తూములో పోసి ఉంటుందని ఖాయం చేసుకున్నాను. నలభై తొమ్మిదో రోజు దాటాక ఆవిడ పేరు మీద దుకాణం నుంచి పొట్లం వచ్చింది. టీ ఆకు, తువ్వాళ్ళు. గిన్నె మాత్రం రాలేదు. నెలలు గడిచాయి. చెత్త వేసేచోట ఆవిడ ఎండ గురించి, వాన గురించి మాట్లాడుతుంది. గిన్నె ఊసెత్తదు.

"గిన్నె మింగి తువ్వాళ్ళు కక్కింది" అన్నాను మా ఆయనతో.

"వెళ్ళి అడుగు అస్సుంతా."

"మీ ఊళ్ళో ఎవరైనా నోరు తెరిచి ఏదైనా అడుగుతారా? నేనొక్కదాన్నే అడగాలా?"

ఈ శరదృతువులో మా అమ్మ పోయింది. మా ఊళ్ళో మర్నాడే మట్టి చేస్తారు. నేను విమానాలు మారి చేరేసరికి అంతా అయిపోతుంది. నున్జియా చర్చిలో ఫోను ఎత్తి పట్టుకుంది. నాకు పైకప్పు, ఎవరిదో భుజం కనిపించాయి. తర్వాత అమ్మ వంటగది చూపించింది. "చూడక్కా, గిన్నెలు పెట్టడానికి చోటు లేదు" అంది.

"వీధిలో చెప్పనా?" అనడిగాడు తెరుహికో.

"వద్దు. కవర్లు తెస్తారు. వాళ్ళకు తిరిగి తువ్వాళ్ళు పంపే ఓపిక నాకు లేదు" అన్నాను. నిజానికి భయం. చెప్పాక కూడా గిన్నె రాకపోతే ఈ వీధిలో నాకెవరూ లేరన్న మాట ఇంక ఖాయమైపోతుంది. మర్నాడు కొట్టుకెళ్ళాను. కోటు ఇవ్వడానికొచ్చిన పెద్దాయన, "ఊళ్ళో అమ్మానాన్నా కులాసానా?" అనడిగాడు. కులాసానే అన్నాను.

ఆ తర్వాతి రోజు పొద్దున సంచి పడేసి నాలుగు మెట్లు ఎక్కానో లేదో, వెనక హత్సుకో గారు. చేతిలో నా సంచి.

"ఏమ్మా, కాల్చే చెత్తలో సీసాలు పడేశావు. టమాటా డబ్బా కూడా. ఇవాళ ఏ రోజో తెలీదూ?"

"తెలుసండీ."

"నువ్వు ఈ తప్పు చేసి ఏళ్ళయింది. ఒంట్లో బాలేదా?"

"మా అమ్మ పోయింది" అన్నాను. ఇంటి బయట ఆ మాట ఈ భాషలో అనడం అదే మొదలు. భలే మాట్లాడుతున్నావని ఆవిడ అనలేదు. మెట్టు మీద కూలబడి, నా సంచి ముడి విప్పి, సీసాలు ఒక్కొక్కటే బయటికి తియ్యసాగింది.

"నువ్వు లోపలికి పో. ఇది నేను చూస్తాను."

సాయంత్రం తలుపు చప్పుడైంది. హత్సుకో గారు గుడ్డ మూటలో వేడి వేడి గిన్నె పట్టుకుని నిలబడింది. చెవి దగ్గర పెచ్చు ఊడిన నీలం గిన్నె.

"ఇప్పుడు తిప్పి ఇవ్వచ్చనుకుంటా" అంది. "అలమార మీద గుడ్డ కప్పి దాచాను. కంటికి కనబడితే ఎక్కడ కడిగి ఇచ్చేస్తానోనని. ఇచ్చేసి మీ ఇంటికి చావు పంపినదాన్ని కాకూడదు కదా. అయినా వచ్చింది."

అన్న మాట నేను మర్చిపోయాను. ఆవిడ ఏడాదిగా మోసింది. నాకు సిగ్గేసింది.

"ఆ రోజు మీరు తినలేదనుకున్నానండీ. మాంసం కదా."

"మా ఆయన ఫొటో ఉన్న గది తలుపు వేసేసి తిన్నాను. రాత్రీ అదే, పొద్దున్నా అదే. చూస్తే చీవాట్లు పెట్టేవాడు." చెప్పులేసుకుంటూ ఆగింది. "మీవాళ్ళ పద్ధతి తెలీదు, అల్లం వేశాను. రేపు పాత కాగితాల రోజు. మర్చిపోకు."

అల్లం మరీ ఎక్కువైంది, ఉప్పు చాల్లేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటుంటే నున్జియా ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావే అక్కా?"

"తింటున్నాను. ఇక్కడా గిన్నె వచ్చింది."

"అవునా. ఎవరిది?"

"అమ్మది" అన్నాను.