అనాసపండుకు కుంకుమ బొట్టు

ముందే చెప్పేస్తున్నాను: నేను పెంచి చెప్తాను. నా నోట్లో పడితే దోసకాయ గుమ్మడికాయ అవుతుంది. ఇందులో ఏ పండు సంగతి వచ్చినా సగం కోసి పక్కన పెట్టి చదువుకోండి.

మా అక్కది బోధన్. మేం నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం కార్డును ఆమె ఫోనుకు పంపాం. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని అలిగి ఆమె మా గడప తొక్కలేదు. ఆ అలక ముందు మా ఊరి మే నెల ఎండ పన్నీటి జల్లు. అందుకే ఈ వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం ఇరుగుపొరుగును పిలుద్దామనుకున్నప్పుడు, నేనూ మా ఆవిడా కుంకుమ భరిణె పట్టుకుని బోధన్ వెళ్ళాం.

"సూస్త" అన్నది అక్క.

ఆమె వచ్చి మా ఇంట్లో నాలుగు మెతుకులు తింటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

పండ్లూ చీజూ కలిపి అందంగా పేర్చి పెడదామని మా అమ్మాయి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. దానికి చెక్కపలక కావాలట. మా ఇంట్లో ఉన్నది చపాతీ పీట ఒక్కటే. నేను తెచ్చిన పుచ్చకాయ దానిమీద కూర్చుంటే పీట నేలలోకి దిగిపోయేది. సరే, పెద్ద ఇత్తడి తాంబాళం దించాం. మధ్యలో కిరీటంతో సహా అనాసపండు, చుట్టూ మామిడి, కర్బూజ, నల్లద్రాక్ష. చీజ్ ముక్కలకు గుచ్చే పుల్లలు దొరక్క, రసం బండాయన దగ్గర చెరుకుగడ తెచ్చి సన్నగా చీల్చాను. ఆ ఉక్కలో చీజ్ కన్నా ముందు నేను కరిగాను. బోసిగా ఉందంటూ మా ఆవిడ చివర్లో మల్లెపూల దండ చుట్టింది.

అక్కడే కొంప మునిగింది.

వచ్చినవాళ్ళంతా తాంబాళం చుట్టూ కూర్చున్నారు, ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. ఎదురింటి పెద్దమ్మ అనాసపండుకు కుంకుమ బొట్టు పెట్టి, మా అమ్మాయిని చూసి ముసిముసిగా నవ్వింది. ఎందుకో మాకు అంతుపట్టలేదు.

అంతలో అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అరేయ్, పిల్లకు పూలు పండ్లు పెట్టుకున్నరా?"

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు సంబంధం ఖాయమైతే మగపెళ్ళివారు ఇలాగే పళ్ళెం అలంకరించి తెస్తారు.

"మేనత్తనున్ననన్న సంగతే మర్సిండ్రా? గీసారి ఫోన్ల గూడ ఎయ్యలేదు గద!"

"అయ్యో వదినా, తినెతందుకే పెట్టినం" అంది మా ఆవిడ.

"తినెటియైతే గిందరు గుడ్లప్పగించి సూస్తున్నరేంది? ఆ బొట్టెవలు పెట్టిండ్రు?"

పెద్దమ్మ ఫ్యాన్ వైపు చూసింది.

"అత్తమ్మా, నాకు పిలగాడే లేడు. ఉంటే నువ్వే తోలుకరా" అంది మా అమ్మాయి.

అక్క కాలు వెనక్కి పడబోయింది. ఇక మాటలతో పని కాదు. మల్లెదండ తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. అనాసపండు కిరీటాన్ని రెండు చేతులా మెలితిప్పి పీకాను. శుభానికి పెట్టిన పళ్ళెం మీద అంత ఘోరానికి తెగించిన మగాడు జిల్లాలో నాకు ముందు పుట్టలేదు. బొట్టున్న చోటే ముక్క కోసి, చెక్కుతో సహా నమిలాను.

"ఓర్నీ, నిజంగనే తినెటివే!" అంటూ అక్క చెప్పులు విప్పింది.

నా గుండె మీంచి ఇరవై బండ్ల చెరుకు దిగింది. మిగతావాళ్ళు మిడతల దండులా తాంబాళం మీద పడ్డారు. అక్క ఒక చెరుకు పుల్ల తీసుకుంది.

"గీ సబ్బు ముక్కలేందిరా?"

"చీజ్ అక్కా."

"మంచిగనే ఉన్నది. జర బెల్లం ఉంటె ఇంకా మంచిగుండు."

ఇక నేను కల్పించింది ఏదంటారా? చీజ్ మంచిగున్నదని అక్క అనలేదు. ఆ ముక్కను మా అమ్మాయి నోట్లో కుక్కి, చెరుకు పుల్ల మాత్రం నమిలింది. ఆ తర్వాత అన్నం పెట్టించుకుని, మామిడికాయ పప్పు రెండోసారి అడిగి వేయించుకుంది. అందులో నేను ఒక్క మెతుకు కూడా కలపలేదు.