కిటికీ లేని గోడ

మా ఆయన బొగ్గుబాయిలో ఆఖరి షిఫ్టు చేసి వచ్చాక సెంటినరీ కాలనీలోని క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. గోదావరిఖని అవతల ఎప్పుడో కొన్న జాగాలో ఇల్లు కట్టుకుందామనేసరికి ఆయనకు ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. ముగ్గుపిండి తెచ్చి, నేల మీద గదులన్నీ తానే గీశాడు. అచ్చం మా క్వార్టరే. నాకూ అదే కావాలి. ఇంకెవరి సలహా మాకెందుకు అనుకున్నాం.

మున్సిపాలిటీ వాళ్లు ఒప్పుకోలేదు. చిన్న జాగాలో చిన్న ఇల్లయితే మన మాట మీదే కట్టుకోవచ్చట. మాది పెద్ద జాగా, పైగా పిల్లల కోసం పైన అంతస్తులు కూడా అనుకున్నాం. అలాంటప్పుడు లైసెన్సున్న ఆర్కిటెక్టు ప్లాను గీసి సంతకం పెట్టాల్సిందేనన్నారు. మా ఇంటికి ఇంకొకరి సంతకమేమిటని సణుగుతూనే జ్యోతినగర్‌లో ఉండే ఒక ఆర్కిటెక్టును పిలిపించాను. మా బిడ్డ ఈడు అమ్మాయి. ముగ్గు గీతల మధ్య తిరుగుతూ ఒకచోట ఆగింది.

"ఈ పడకగదికి కిటికీ ఎక్కడ సార్?"

"అటు దిక్కు పక్కింటోళ్లుంటరు కద మేడం," అన్నాడు మా ఆయన, అదేం ప్రశ్న అన్నట్టు.

"పక్కిల్లెక్కడుంది? అటు కూడా మీ ఖాళీ జాగానే కదా."

ఆయన తన పొరపాటుకు తానే పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. క్వార్టర్లలో రెండిళ్లకు నడుమ ఒకటే గోడ. బతుకంతా అలా ఉన్నవాళ్లం, ఆ గోడకు కిటికీ ఉండాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మా గోడకు అవతల ఒక అక్క ఉండేది. మగవాళ్లిద్దరూ రాత్రి షిఫ్టుకు పోతే గోడ మీద పిడికిలితో కొట్టేది. నేనూ కొట్టేదాన్ని. అంటే భయం లేదు, పడుకో అని. పొద్దున అటు నుంచి పోపు వాసన, వెంటే "ఏం కూరనే చెల్లె?" అని కేక. బావ మాకంటే ముందే రిటైరయ్యాడు. వాళ్లు కాసిపేట దగ్గరి సొంతూరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత వేరేవాళ్లు దిగారు, మంచివాళ్లే, కానీ గోడ కొడితే ఏం కావాలని వాకిట్లోకి వచ్చి అడిగేవారు.

"ఆ గోడ అట్లనే ఉండనియ్యి బిడ్డా," అన్నాను.

"పడకగదికి గాలీ వెలుతురూ లేకుండా నేను సంతకం పెట్టలేనమ్మా. రేపు జవాబు చెప్పాల్సింది నేను," అంది ఆ అమ్మాయి, నెమ్మదిగానే. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసి, ఆ పిల్లను నాలుగు తిట్టాను. అక్క అంతా విన్నది.

"మాది చిన్న ఇల్లు చెల్లె. ఎవల సంతకం అడగలే. మేస్త్రికి ఎట్ల చెప్తె అట్ల కట్టిండు. నేను గూడ ఆ గోడకు కిటికీ పెట్టియ్యలే."

"ఎందుకక్కా?"

"నువ్వుంటవు కద అవతల."

నేను ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"ఆ పండుకునే అర్రల పగటిపూట గూడ చీకటే," అంది అక్క. "ఒక్కోపారి గోడ కొడుత. ఎవలు పలుకుతరు? నన్ను వద్దనేటోళ్లు లేకపోయిరి. నీకు ఉన్నరు. పెట్టియ్యి కిటికీ."

మర్నాడు ఆ అమ్మాయికి సరేనని చెప్పాను. ప్లాను మీద సంతకమైంది, ఇల్లూ లేచింది. ఆ గదిలో ఇప్పుడు మంచి వెలుతురు, చక్కటి గాలి. గోడే ఉంటే అవతల అక్క ఉందనుకుని పడుకునేదాన్ని. రోజూ పొద్దున కిటికీ తెరుస్తాను. అవతల ఖాళీ జాగానే, అక్క లేదు.