బాగున్న రోజుల మందు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దీన్ని మోస్తూనే కొన్నేళ్ళుగా వండుకున్నాను, పుస్తకాలు చదువుకున్నాను, పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళొచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నా భర్త నాకు మేనబావ. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచాను. మిన్నీ బే రేవు నుంచి డింగీ పడవలో చేపల వేటకు వెళ్ళేవాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక ఆసుపత్రిలో రెండు ఇన్‌హేలర్లు ఇచ్చారు, మేం పంపులంటాం. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది. రెండోది ఆయాసం ఉన్నా లేకున్నా రోజూ పీల్చవలసింది. డాక్టరు చెప్పింది నాకు అర్థం కాలేదని అనను. అర్థమయింది.

సరుకులన్నీ ఓడ మీదే వచ్చే ఈ దీవిలో పుట్టినవాళ్ళకు ఓడ రాదన్న భయం ఒంట్లోనే ఉంటుంది. వానాకాలం ముందు ఉల్లిపాయలు, పప్పు, గ్యాసు సర్దుకుంటాం. ఉన్నదాన్ని సాగదీస్తాం. ఒక వానాకాలంలో ఆ రెండో పంపు స్టాకు లేదు, ఓడ వచ్చేదాకా ఆగమన్నారు. అది లేని రోజుల్లో బావకు ఏమీ కాలేదు. మామూలుగానే తిరిగాడు. అక్కడే నా బుద్ధి తప్పింది. బాగున్న రోజుల్లో దాచి, బాగులేనప్పుడు వాడితే చాలదా అనుకున్నాను. ఓడ వచ్చాక ఇచ్చిన పంపుల్ని సీలు తీయకుండా బీరువాలో పెట్టాను.

బావ నవ్వాడు.

"ఏటే, ఉల్లిపాయల్తో పాటు నా ఊపిరి కూడా దాచెస్తన్నావా?"

"బావున్నావు గదా బావా. మళ్ళీ షిప్ ఆగిపోతే ఎవుల్ని అడుగుతాం? ఉండనీ."

"డాక్టర్ సాబ్ రోజూ అన్నాడు గదా."

"ఆయన మెయిన్‌లాండ్ నుంచి నిన్నగాక మొన్నొచ్చాడు. మన వానాకాలం ఆయనకేటి తెలుసు?"

"సరేలే. సదువుకున్నదానివి. నువ్వెలాగంటే అలాగే."

తరువాత పరీక్షకు వెళ్ళినప్పుడు, రోజూ పీలుస్తున్నాడా అని డాక్టరు హిందీలో అడిగాడు. బావ నా వైపు చూశాడు. పీలుస్తున్నాడని నేనే చెప్పాను. ఎందుకు చెప్పాను? తిడతాడని భయమా? కాదు. చదువుకున్నదాన్ని తప్పు చేశానని ఇంకొకరికి తెలియడం ఇష్టం లేక.

మరుసటి వానాకాలంలో బావ పోయాడు. మధ్యాహ్నం మొదలైన ఆయాసం ఆసుపత్రికి చేరేలోగా ముదిరిపోయింది. ఆయాసం పంపు చేతిలోనే ఉంది. అది చాలలేదు. బీరువాలోవి గడువు దాటిపోయి ఉన్నాయి. కర్మలయ్యాక వాటిని ఎవరికీ కనబడకుండా చెత్తలో, చేప పొలుసుల కింద పడేశాను.

మందు సరిగా వాడి ఉండడని ఆసుపత్రిలో మా అబ్బాయితో అన్నారట. మేముండే బతు బస్తీలో అందరూ అదే అనుకున్నారు. సముద్రం మనిషి, మొండివాడు అన్నారు. "నాన్నెవరి మాటా ఇనడు గదమ్మా" అన్నాడు మా అబ్బాయి. నేను తల ఊపాను.

వాడి ఉంటే బతికేవాడా? ఎవరూ చెప్పలేరు. ఆ తెలియకపోవడం వెనక చాలాకాలం దాక్కున్నాను, అది నన్ను కాపాడుతుందని. కాపాడలేదు, ఎందుకంటే పంపులు దాచినప్పుడు నాకు తెలియదనుకోవచ్చు, తల ఊపినప్పుడు మాత్రం తెలుసు.

అబ్బాయి ఇప్పుడు చౌల్దారీ అనే ఊళ్ళో ఉంటాడు. ఇక్కడ నేనొక్కదాన్నే. ఆదివారాలు వచ్చి నా బీపీ మాత్రలు చూస్తాడు. "నాన్నలాగ నువ్వు సెయ్యకమ్మా" అంటాడు. వాడి ఎదురుగానే మాత్ర మింగుతాను. తండ్రి మీద వాడికి ఇంకా కోపం ఉంది. ఆ కోపం నా మీద ఉండవలసింది. వాడికి చెబుతానా? రాస్తున్న ఈ నిమిషంలో కూడా తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాడు లేడు. కానీ ఒక మాట రాయగలిగాను. రాశాక గుండె మీద బరువు ఆ మాట మేరకు తగ్గింది. మా బావ మొండివాడు కాదు. చెప్పిన మాట విన్నాడు. చెప్పింది నేను.