గులాబీ చుక్కలు లేని ప్లేటు

1981 వానాకాలం మొదట్లో నన్ను అమలాపురంలోని ఒక ఆసుపత్రి ల్యాబుకు బాక్టీరియాలజిస్టుగా వేశారు. రోగుల మలంలో కలరా, టైఫాయిడ్ క్రిములున్నాయేమో తేల్చడం నా పని. నమూనాను ఉప్పునీటిలో పదింతలు, మళ్లీ పదింతలు పలచన చేసి, క్రిములకు మేతగా అగారు జెల్లీ పోసిన ప్లేటు మీద పూసి ఇంక్యుబేటరులో పెడతాం. మర్నాటికి ఒక్కో క్రిమి పెరిగి కంటికి కనిపించే చుక్కవుతుంది. దాన్ని కాలనీ అంటాం. రంగునుబట్టి జాతిని పోల్చుకుని, చుక్కలు లెక్కపెడతాం.

సఖినేటిపల్లి నుంచి రత్నకుమారి అనే టీచరుగారిని విరేచనాలతో తెచ్చారు. అంతకుముందు జ్వరానికి ఎవరో బలమైన యాంటీబయాటిక్ ఇచ్చారు. విరేచనాలు పట్టుకున్నాక మా వార్డులోనూ అదే కొనసాగించారు. నేను కలరా లేదు, టైఫాయిడ్ లేదు అని రిపోర్టిచ్చాను. ఆవిడ మాత్రం మంచం మీంచి లేవలేని స్థితికి వచ్చింది.

ఆవిడ భర్త దేవదానంగారు ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. "ఏ క్రిమీ లేదని రాసేరు కదండీ. మరి మనిషెందుకండీ ఇలా అయిపోతోంది?"

మళ్లీ చూస్తానన్నాను. పోల్చడానికి, అదే ఇంటి తిండి తినే ఆయన నమూనా కూడా అడిగాను.

"నాదాండీ?" అని సిగ్గుపడ్డారు. "ఆయ్, ఇస్తానండి."

ఆ సాయంత్రం కరెంటు రెండుసార్లు పోయింది. ఇంక్యుబేటరు చల్లబడుతోందేమోనని థర్మామీటరు చూడటం, కూర్చోవడం, మళ్లీ లేవడం. వరండాలో ఆయన అడుగుల చప్పుడు ఆగలేదు.

మర్నాడు ఆయన ప్లేటు, వెయ్యింతలు పలచన చేసినా, గులాబీరంగు కాలనీలతో కిక్కిరిసి ఉంది. అవి పేగుల్లో అందరికీ ఉండే క్రిములు. ఆవిడ నమూనాను పలచన చేయకుండా పూసినా గులాబీ చుక్క ఒక్కటీ రాలేదు. యాంటీబయాటిక్‌కు చావని తెల్లటి ఈస్టు బూజు మాత్రం పెరిగింది.

రెండు ప్లేట్లూ పట్టుకుని సివిల్ సర్జన్ గారి దగ్గరికి వెళ్లాను. ఆ మందే పేగుల్లో ఉండవలసిన క్రిములన్నిటినీ తుడిచిపెట్టిందని, విరేచనాలు అందుకే ఆగడం లేదేమోనని అన్నాను. ఆయన రెండూ వెలుతురుకు పట్టి చూసి, మందు ఆపాక జ్వరం తిరగబెడితే ఎలాగని అడిగారు. చెప్పలేనన్నాను. చివరికి మందు ఆపించి, సెలైన్, గంజి, మజ్జిగ రాశారు.

జ్వరం వస్తుందేమోనని ప్రతి పూటా వార్డుకు వెళ్లి చార్టు చూసేవాణ్ణి. రాలేదు. వారం తిరిగేసరికి ఆవిడ లేచి కూర్చుంది. తర్వాతి ప్లేటులో గులాబీ చుక్కలు పల్చగా మొదలయ్యాయి.

రోగకారక క్రిమి లేదనడమూ, పేగులు బాగున్నాయనడమూ ఒకటి కాదు. అప్పటినుంచి ఉండవలసినవి ఉన్నాయా అన్నది కూడా రిపోర్టులో రాశాను. అదీ పూర్తి లెక్క కాదు. మైక్రోస్కోపులో కనిపించిన వాటిలో చాలా జాతులు గాలి సోకితే చచ్చేవి. అవి మా ప్లేట్ల మీద ఎన్నడూ పెరగలేదు.